మాస్టారి తివాచీ

సత్యానందం మాస్టారి హాల్లో నేల బోసిగా ఉంది.

సోమవారం ఉదయం ఎనిమిదీ నలభైకి ఎస్సై పెర్సిస్ ఆ ఇంటి తలుపు తోసింది. దోమలు రాకుండా తలుపు అడుగున కొట్టిన రబ్బరు పట్టీ టైల్స్ మీద రాసుకుంటూ కీచుమంది. ఆమె వెనకే హెడ్ కానిస్టేబుల్ నెల్సన్ లోపలికి వచ్చాడు.

వట్లూరులో కాలేజీ రోడ్డు పక్కన కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ అది. మాస్టారు అందులోకి మారి ఏడాదైంది. భార్య లేరు. కూతురు లిడియా తాడేపల్లిగూడెంలో నర్సుగా పనిచేస్తూ అక్కడే అద్దె గదిలో ఉంటోంది. ఫ్లాట్‌లో ఆయన ఒక్కరే.

ఆయన దివాను మీద కూర్చుని ఉన్నారు. పక్కన బావమరిది చిట్టిబాబు ఉన్నాడు. కలిదిండిలో చేపల చెరువులు, మేత వ్యాపారం ఉన్నవాడు.

"పోయిందమ్మా పెర్సిస్. మా తాతగారి తివాచీ పోయింది."

పెర్సిస్ ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. మిషన్ స్కూల్లో ఆమెకు తెలుగు చెప్పింది ఆయనే. ఆదివారం చర్చిలో బైబిలు కథలు చెప్పిందీ ఆయనే. ఆ గొంతు వింటే ఈ రోజుకీ ఆమె నడుము నిటారుగా అవుతుంది.

"ఆఖరుసారి ఎప్పుడు చూశారండీ?"

"నిన్న పొద్దున్న. చర్చికి వెళ్ళేటప్పుడు."

"తర్వాత?"

"చర్చి నుంచి అటే చిట్టిబాబు కారులో కలిదిండి వెళ్ళాం. రాత్రి అక్కడే పడుకున్నాను. ఇవాళ ఏడింటికి వచ్చి చూస్తే లేదు."

"తాళం పగలగొట్టారా?"

"లేదు. వేసినది వేసినట్టే ఉంది."

"రెండో తాళంచెవి?"

"ఇదిగో, ఈ మేకుకే ఉండాలి మేడం," చిట్టిబాబు గుమ్మం పక్క గోడ చూపించాడు. "కనబడటం లేదు."

"తివాచీ ఎంత ఉంటుంది మాస్టారూ?"

"ఈ దివాను దగ్గర్నుంచి గుమ్మం దాకా వచ్చేది. మంచి మందం. అసలైన ఏలూరు ఊలు తివాచీ."

"విలువ?"

మాస్టారు చిట్టిబాబు వైపు చూశారు.

"లక్షల్లో పలుకుతుందంటారండి," చిట్టిబాబు అందుకున్నాడు. "పోయినేడు హైదరాబాద్‌లో పాత ఏలూరు తివాచీల ఎగ్జిబిషన్ పెట్టారు. దీని ఫొటో కూడా వేశారు. అప్పట్నుంచీ అందరి కళ్ళూ దీని మీదే."

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఇంట్లో రోజూ వాడుకునేదమ్మా. పరుచుకుని దాని మీదే తిరిగేవాణ్ణి. విలువైన వస్తువని దాచుకున్నది కాదు. వాడకం సామాను. అది రాసుకో."

"రాస్తానండీ. ఈమధ్య బయటివాళ్ళెవరైనా ఇంట్లోకి వచ్చారా?"

చిట్టిబాబు దగ్గాడు.

"మొహిద్దీన్ వచ్చాడు," అన్నారు మాస్టారు. "తంగెళ్ళమూడిలో తివాచీలు నేస్తాడు. అంచు కుచ్చులు ఊడుతుంటే చూడమని శనివారం పిలిచాను. అతను అలాంటివాడు కాదనే అనుకుంటాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. తెలిసినవాణ్ణి అనుమానించడానికి మొహమాటపడుతున్నారనుకుంది పెర్సిస్.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కెమెరా ఉంది. రికార్డింగ్ లేదు. పదిన్నరకల్లా జీపు తంగెళ్ళమూడిలో ఉంది.

* * *

మగ్గం షెడ్డు వెతికారు. ఇల్లు వెతికారు. ఊలు ఉండలు తప్ప ఏమీ దొరకలేదు. మొహిద్దీన్‌కు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. జీపు ఎక్కమంటే చెప్పులు కూడా వేసుకోకుండా ఎక్కాడు. అతని భార్య బీబీ గుమ్మంలో నిలబడిపోయింది. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది.

స్టేషన్‌లో పెర్సిస్ అతన్ని నిలబెట్టే అడిగింది.

"శనివారం ఎన్నింటికి వెళ్ళావు?"

"పదకొండింటికండి."

"తివాచీ ఎక్కడుంది?"

"పెట్టెలో ఉందండి. మాస్టారు తీసి మంచం మీద పరిచి చూపించారు. కుచ్చులు కట్టడానికి వచ్చేవారం వస్తానన్నాను. మళ్ళీ చుట్టి పెట్టెలో పెట్టేశారు."

"హాల్లో పరిచి లేదా?"

"లేదండి."

"గుమ్మం దాకా పరిచి ఉందని మాస్టారు చెబుతున్నారు."

"నేను చూసింది చెబుతున్నానండి."

"అంటే మాస్టారు అబద్ధం చెబుతున్నారా?"

మొహిద్దీన్ తల దించుకున్నాడు. "పెద్దాయన. ఆ మాట నేను అనలేనండి."

పెర్సిస్‌కు ఆ జవాబు తప్పించుకునే జవాబులా వినబడింది. రెండు మాటలు పొసగడం లేదు. ఒకటి మాస్టారిది. రెండోది ఇతనిది. ఎవరిది అబద్ధమో ఆమె ఆలోచించనే లేదు.

సాక్ష్యం లేదు కనుక సాయంత్రం వదిలేసింది. రోజూ వచ్చి సంతకం పెట్టమంది. ఈలోగా గేటు బయట ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. రాత్రికల్లా ఊళ్ళో అందరి ఫోన్లలోనూ తిరిగింది. "తివాచీ దొంగ పట్టివేత" అని ఒక లోకల్ ఛానల్ దానికి పేరు కూడా పెట్టింది.

* * *

గురువారం మధ్యాహ్నం మొహిద్దీన్ కూతురు ఫిర్దౌస్ స్టేషన్‌కి వచ్చింది. ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ద్వారకా తిరుమలలో ఒక గెస్ట్‌హౌస్‌కి నాన్న ఆరు నెలల నుంచి నేస్తున్నారండి. ఇవాళ ఫోన్ చేసి వద్దన్నారు. అడ్వాన్సు కూడా వెనక్కి అడిగారు."

"కేసు తేలితే నేనే వాళ్ళతో మాట్లాడతాను."

"ఎలా తేలుతుందండీ? నాన్న చెప్పింది అబద్ధమని మీరు ముందే తేల్చేశారు కదా. మాస్టారు చెప్పింది నిజమని చూసినవాళ్ళు ఎవరండీ?"

పెర్సిస్ ఫైలు మూసింది. మళ్ళీ తెరిచింది.

"మా నాన్నని మీరు నువ్వు అన్నారట," అంది ఫిర్దౌస్. గొంతు పెంచలేదు. "ఇంటికొచ్చి ఆ ఒక్క మాటే చెప్పారండి. మిగతావి ఏవీ చెప్పలేదు."

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక పెర్సిస్ ఫైలు మొదటి పేజీకి తిప్పింది.

మాస్టారి ఇంటికి వెళ్ళినప్పుడు తను చూసిందేమిటి? బోసి నేల. అంతే. అక్కడ తివాచీ ఉండేదని ఆయన చెప్పారు. చెప్పింది మాస్టారు కనుక తను నమ్మింది. చర్చిలో ఒకే వరసలో కూర్చునే మనిషి కనుక నమ్మింది. కూతురు లిడియాకి ఒక్క ఫోనైనా చేయలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ మాట. "వాడకం సామాను. అది రాసుకో." వస్తువు పోగొట్టుకున్న మనిషి ఎప్పుడు పోయిందో చెబుతాడు, ఎలా ఉంటుందో చెబుతాడు. దాన్ని ఎలా వాడుకునేవాడో పోలీసుల చేత పట్టుబట్టి రాయిస్తాడా?

ఆ మాటలు తను ఇంతకుముందు ఎక్కడో విన్నవే. అమ్మ గొలుసు అమ్మినప్పుడు పిన్ని కూతురు షారోన్ అంది. స్కూటీ అమ్మితే టాక్స్ లేదు, అది వాడకం సామాను, గొలుసు అమ్మితే మాత్రం ఉంది అని.

* * *

షారోన్ తాడేపల్లిగూడెంలో ఆడిటర్. శుక్రవారం పదింటికి పెర్సిస్ మఫ్టీలో ఆమె ఆఫీసుకి వెళ్ళింది. పేర్లు చెప్పకుండా అడిగింది.

"తాతల నాటి తివాచీ అక్కా. ఇప్పుడు మంచి ధరకి అమ్మితే టాక్స్ పడుతుందా?"

"దాన్ని ఏం చేసేవాళ్ళు?" అంది షారోన్.

"ఏం చేసేవాళ్ళంటే?"

"అదే ముఖ్యం. మంచం, బీరువా, బట్టలు లాంటివి సొంత వాడకానికి ఉంచుకున్నవైతే అమ్మితే లాభం వచ్చినా క్యాపిటల్ గెయిన్స్ టాక్స్ ఉండదు. కానీ నగలు, పెయింటింగులు, శిల్పాలు, కళాఖండాలు అలా తప్పించుకోలేవు. వాటిని వాడుకున్నామన్నా టాక్స్ కట్టాల్సిందే. తివాచీ అని చట్టంలో పేరు పెట్టి లేదు. అందుకని నేల మీద పరుచుకుని తిరిగాం అంటే సామాను. విలువైనదని పెట్టెలో భద్రంగా దాచి, ధర వచ్చాక అమ్మితే ఆస్తి. ఆఫీసరు అడిగేది అదే."

పెట్టెలో. మొహిద్దీన్ అన్న మాట.

"ఆస్తి అయితే చాలా పోతుందా అక్కా?"

"లాభం మీద పన్నెండున్నర శాతం. పాతది కాబట్టి రెండువేల ఒకటి ఏప్రిల్ నాటి విలువని కొన్న ధరగా చూపించుకోవచ్చు, లాభం కాస్త తగ్గుతుంది. పైగా ఆయనకి ఉన్నది ఒక్క ఇల్లే అయి, వచ్చిన డబ్బంతా గడువులోగా తన పేరు మీద ఇంకో ఇంట్లో పెడితే అసలు టాక్సే పడకపోవచ్చు."

"మరి నగదు తీసుకుంటే?"

షారోన్ కళ్ళజోడు తీసింది. "ఒకే అమ్మకానికి రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడొచ్చు. ఎవరే ఆ మహానుభావుడు?"

పెర్సిస్ పేరు చెప్పకుండానే లేచి బ్యాగు తీసుకుంది.

* * *

శనివారం ఉదయం పది. మాస్టారి హాల్లో ఐదుగురు ఉన్నారు. మాస్టారు, చిట్టిబాబు దివాను మీద. పెర్సిస్ పిలిస్తే తాడేపల్లిగూడెం నుంచి మొదటి బస్సుకి వచ్చిన లిడియా వంటింటి గుమ్మం దగ్గర. కుర్చీలో మొహిద్దీన్. ఆయన్ని పెర్సిస్ స్వయంగా తీసుకొచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. నేల మీద ఆయన నేసిన తివాచీ ఒకటి చుట్టి ఉంది. నెల్సన్ తలుపు వేసుకుని బయట వరండాలో నిలబడ్డాడు.

"దొంగ దొరికాడా మేడం?" అన్నాడు చిట్టిబాబు.

"దొరుకుతాడండి. మొహిద్దీన్‌గారూ, మాస్టారి తివాచీ మందం ఇంతే ఉంటుందా?"

"ఇంచుమించు ఇంతేనండి."

"మాస్టారూ, ఔనంటారా?"

ఆయన తలూపారు.

పెర్సిస్ వంగి తివాచీని దివాను దగ్గర్నుంచి గుమ్మం దాకా పరిచింది. ఎర్రటి ఊలు మీద నీలం పువ్వులు పరుచుకున్నాయి.

"మీరు చెప్పినట్టే పరిచాను కదండీ?"

"ఔను."

"ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఇలాగే ఉండేది?"

"ఔనమ్మా."

"నెల్సన్‌గారూ! లోపలికి రండి!"

బయట గడియ కదిలింది. తలుపు నాలుగు వేళ్ళ సందు తెరుచుకుని తివాచీ అంచుకు తగిలి ఆగిపోయింది. నెల్సన్ భుజంతో తోశాడు. రబ్బరు పట్టీ ఊలులోకి దిగబడింది. తలుపు కదల్లేదు.

"రావట్లేదు మేడం!"



పెర్సిస్ తివాచీ అంచు మడిచి వెనక్కి లాగింది. ఇప్పుడు తలుపు కీచుమంటూ బార్లా తెరుచుకుంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని టైల్స్ మీద వేలు పెట్టింది. గుమ్మం దగ్గర మొదలై హాలు లోపలికి వంపు తిరిగిన నల్లటి చార అక్కడ ఉంది. విసనకర్ర అంచులా.

"తలుపు తీసి వేసినప్పుడల్లా రబ్బరు రాసుకుని పడిన మరక ఇది. ఒక్క రోజులో పడేది కాదు. తుడిస్తే పోయేది కాదు. నిన్న సాయంత్రం వచ్చి నేనే తుడిచి చూశాను. ఏడాదిగా ఇక్కడ తివాచీ ఉంటే ఈ చార పడేదే కాదు. సోమవారం నేను దీని మీద నుంచే నడిచి వచ్చాను మాస్టారూ. చూడలేదు. మీరు చెప్పాక ఇంక చూడక్కర్లేదనుకున్నాను."

చిట్టిబాబు లేచాడు. "ఓ మూలకి జరిపి పరిచేవాళ్ళేమోనండి..."

"కూర్చోండి."

అప్పుడు లిడియా ముందుకు వచ్చింది.

"నాన్నగారూ, దాన్ని పరవడమేమిటండీ? నా చిన్నప్పట్నుంచీ అది పెట్టెలోనే కదా ఉంది. అమ్మ ఒకసారి పరుద్దామంటే, కాళ్ళ కింద వేసేది కాదని కేకలేశారు."

మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు.

"మాస్టారూ," పెర్సిస్ గొంతు తగ్గించింది, "ఎవరికి అమ్మారు?"

ఆయన చేతులు దించారు.

"హైదరాబాద్ ఆయనకి. పాత తివాచీలు సేకరిస్తాడట. ఫొటో చూసి పోయిన శనివారం సాయంత్రం వచ్చాడు. చిట్టిబాబే మాట్లాడాడు. డబ్బంతా నగదుగా ఇచ్చేశాడు."

"మరి దొంగతనం కేసెందుకండీ?"

"బ్యాంకులో వేస్తే మూడో వంతు టాక్స్‌కి పోతుందన్నాడు చిట్టిబాబు. ఎగ్జిబిషన్‌లో ఫొటో వచ్చింది, రేపు అది వేరేవాళ్ళ దగ్గర కనబడితే ఇన్‌కంటాక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి అడుగుతారు, వాడకం సామానని చెప్పాలి అన్నాడు ముందు. తర్వాత, అదీ కాదు, పోయిందని ఎఫ్ఐఆర్ ఉంటే ఇంకా మంచిదన్నాడు. నాకు రెండూ కలిసిపోయాయమ్మా."

"నీ మంచికే చెప్పాను బావా," చిట్టిబాబు గొణిగాడు.

"నీ కమిషన్ కోసం చెప్పావు మావయ్యా," అంది లిడియా. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "డబ్బెందుకండీ మీకు?"

"నీకు గూడెంలో చిన్న ఫ్లాట్ కొందామని. అద్దె గదుల్లో ఎన్నాళ్ళుంటావు?"

పెర్సిస్‌కు చెప్పాలని లేదు. కానీ చెప్పకుండా దాటేయడం ఇంకో అబద్ధమవుతుందనిపించింది.

"బిల్లు మీద అమ్మి, ఆ డబ్బుతో మీ పేరు మీదే ఆ ఫ్లాట్ కొని ఉంటే టాక్స్ దాదాపు పడేది కాదట మాస్టారూ. పడినా లాభంలో ఎనిమిదో వంతు. ఇప్పుడు నగదు తీసుకున్నందుకు తీసుకున్నంతా పెనాల్టీ కట్టాల్సి రావచ్చు. ఆ విషయం మేం టాక్స్ వాళ్ళకి రాయక తప్పదు."

ఆయన ఆ మాటలు వింటున్నట్టు లేరు. కుర్చీలో ఉన్న మొహిద్దీన్ వైపు చూస్తున్నారు.

"నాన్నగారూ," లిడియా ఆయన చూస్తున్న వైపే చూసింది, "ఈయన పేరు చెప్పింది కూడా మావయ్యేనా?"

"కాదు." ఆ ఒక్క మాట మాస్టారు స్పష్టంగా అన్నారు. "చెప్పమని దగ్గాడు. చెప్పింది నేనే. దొంగతనమంటే ఎవరో ఒకరి పేరు అడుగుతారు కదా, సాక్ష్యం లేకపోతే వదిలేస్తారులే అనుకున్నాను. వీడియో చూసిన రాత్రి స్టేషన్‌కి వద్దామని చొక్కా తొడుక్కున్నాను. మెట్లు దిగాను. మళ్ళీ ఎక్కేశాను."

లేచి మొహిద్దీన్ ముందు చేతులు జోడించారు. మొహిద్దీన్ కంగారుగా లేచి నిలబడ్డాడు. వంగి, నేల మీద తన తివాచీని చుట్టడం మొదలుపెట్టాడు. లిడియా వచ్చి రెండో వైపు పట్టుకుంది.

* * *

మధ్యాహ్నం రెండింటికి జీపు కలిదిండి చేరింది. రోడ్డుకి రెండు పక్కలా చెరువులు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తెల్లగా నురగ చిమ్ముతున్నాయి. చిట్టిబాబు పోయిన శనివారం రాత్రే కారులో తెచ్చి దాచిన తివాచీ అతని గోడౌన్‌లో మేత బస్తాల వెనక దొరికింది. గొడవ సద్దుమణిగాక కొన్నాయన వ్యాన్ పంపుతానన్నాడట. ఈలోగా ఒక కొన చెమ్మ తాగింది. ఎలుకలు కొరికిన చోట ఊలు పొట్టులా రాలింది. దొంగ పట్టుకుపోయాడనిపించడానికి తీసిన రెండో తాళంచెవి చిట్టిబాబు టేబుల్ సొరుగులో ఉంది.

తప్పుడు ఫిర్యాదు మీద బావాబావమరుదులిద్దరి మీదా కేసు రాసింది పెర్సిస్. సీఐగారికి పంపిన రిపోర్టులో తన పేరూ రాసింది. విచారణ లేకుండా ఒక మనిషిని వీధిలోంచి తీసుకొచ్చి నిలబెట్టానని, ఫిర్యాది మాటను సరిచూడలేదని. మెమో వస్తుందని తెలుసు. రావాలనే అనుకుంది.

లోకల్ ఛానల్ అతనికి ఫోన్ చేసి, మొహిద్దీన్ నిర్దోషని వేయమంది. "చూద్దాం మేడం," అన్నాడతను. వేయలేదు.

ఆదివారం చర్చికి వెళ్ళకుండా యూనిఫాంలో తంగెళ్ళమూడి వెళ్ళింది. వీధి మొదట టీ కొట్టు దగ్గర ఆగి, అక్కడున్న పది మందికీ వినబడేలా చెప్పింది. మొహిద్దీన్‌గారు ఏ తప్పూ చేయలేదు, తప్పు మాది, నాది అని. కొందరు తలూపారు. ఒకతను టీ గ్లాసు కింద పెట్టి, "ఆ రోజు చూసింది ఈ పది మందే కాదు మేడం, ఊరంతా చూసింది," అన్నాడు.

షెడ్డులో మొహిద్దీన్ ఒక్కడే మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు. గెస్ట్‌హౌస్ వాళ్ళు వద్దన్న తివాచీ సగంలో ఉంది. పెర్సిస్ అంతకుముందే వాళ్ళతో మాట్లాడింది. ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చేశామన్నారు.

"నన్ను క్షమించండి మొహిద్దీన్‌గారూ."

"అయ్యో, ఎంతమాటండి. మీ ఉద్యోగం మీరు చేశారు."

"చేయలేదండీ. చేయలేదు కనుకనే వచ్చాను."

ఆయన కాసేపు ఊలు పోగు వేళ్ళ మధ్య తిప్పాడు.

"మనసులో ఏం పెట్టుకోలేదండి. కాకపోతే ఒక్క మాట. మా పని చూడటమే. ఎవరింటికి వెళ్ళినా ముందు కిందకే చూస్తాను, ఏ తివాచీ ఉందా, ఎక్కడ చిరిగిందా అని. నిన్న సాయంత్రం పవర్‌పేటలో ఒకావిడ రమ్మంది. ఎప్పట్నుంచో తెలిసినావిడే. నేను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళుతుంటే వాళ్ళ పెద్దబ్బాయి నా వెనకాలే తిరిగాడు. ఏమీ అనలేదండి. ఊరికే తిరిగాడు."

ఏ కాగితం మీద ఏం రాస్తే ఆ అబ్బాయి వెనక తిరగడం మానేస్తాడో పెర్సిస్‌కు తెలియలేదు.

లోపలి నుంచి బీబీ గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఆమె చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

"తాగండమ్మా," అన్నాడు మొహిద్దీన్ మెల్లగా, "ఎండలో వచ్చారు."

పెర్సిస్ టోపీ తీసి చేత్తో పట్టుకుంది. నిలబడే ఆ నీళ్ళు తాగింది.